చేదోడు సరే, వాదోడులో ‘వా’ ఏమిటి?

సందేహి: ఫైలేరియా పురుగుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘షాపరోన్’ అనే ఒక రకం ప్రోటీన్ పేరు దగ్గర ఆగిపోయాను. పిల్లపురుగు దోమను వదిలి మన ఒంట్లోకి రాగానే 37 డిగ్రీల వేడి. ఆ వేడికి మడత విడిన ప్రోటీన్లు ముద్దకట్టకుండా పట్టుకునేవి ఈ షాపరోన్లే. ఎప్పుడో చదివిన వాక్యంలో ‘చేదోడు’ అనో ‘చెలికత్తె’ అనో ఉంది. ఎవరికైనా గుర్తుందా?

గళ్లనుడి: చెలికత్తే. ఉషకు చిత్రలేఖ లేదూ? అనిరుద్ధుణ్ణి తెచ్చి అప్పగించి తప్పుకుంది. షాపరోనూ అంతే, మడత కుదిరాక ప్రోటీన్‌లో భాగంగా ఉండిపోదు.

అరసున్న: పోతన దగ్గర ఆమె చిత్రరేఖ అండీ. ‘లేఖ’ సంస్కృత మూలంలోది. అయినా పోలిక తిరగబడింది. 1978లో లాస్కీ అనే శాస్త్రవేత్త న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌కి ఈ పేరు పెట్టింది, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లు ఆ డీఎన్ఏతో అడ్డదిడ్డంగా అతుక్కోకుండా చూస్తుందని. అంటే ఇది కాపలా ఉద్యోగం. చిత్రరేఖ చేసింది కాపలావాళ్ల కళ్లుగప్పడం!

గళ్లనుడి: ఆవిడ పటం మీద బొమ్మ గీసింది కనుక ‘రేఖ’ అందంగానే ఉంది, ఒప్పుకున్నా. పోతన చెవి అలాంటిది. చెలికత్తెను మాత్రం వదలను.

పొల్లు: చేదోడే. అదీ ఒంటరిగా కాదు, చేదోడువాదోడు. హెచ్‌ఎస్‌పీ70 అనే షాపరోన్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. హెచ్‌ఎస్‌పీ40 దానికి సరుకు అందించి, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టమని పురిగొల్పుతుంది. ఒకటి చెయ్యి, ఒకటి నోరు.

అరసున్న: ‘వా’ నోరని ఎవరన్నారు? చేదోడు పక్కన ఊరికే పుట్టిన జంటమాట కావచ్చుగా.

పొల్లు: వాతెర, వాకట్టు, వాపోవు, ఇవన్నీ ఊరికే పుట్టాయా? వాయి, తోడు. అంతే.

సందేహి: అయ్యా, నా పురుగు! అసలు చిక్కు హెచ్‌ఎస్‌పీ90 అనే మరో షాపరోన్‌తో. బ్రూజియా అనే ఫైలేరియా పురుగులో జెల్డానమైసిన్ అనే మందు దాన్ని పట్టుకుని పురుగును చంపేస్తుంది. మట్టిలో బతికే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో అదే ప్రోటీన్‌కి ఈ మందు అంటుకోనే అంటుకోదు. ‘చేదోడును దెబ్బతీయు’ అంటే నప్పుతుందా?

గళ్లనుడి: ‘చెలికత్తెను విడదీయు’ అని చూడండి, ఎంత హాయిగా ఉందో.

పొల్లు: హాయి పురుగుకా? జెల్డానమైసిన్ మన హెచ్‌ఎస్‌పీ90నీ పట్టుకుంటుంది. ఎవరి చేదోడో వాక్యంలో తేల్చకపోతే రోగికే ముప్పు.

అరసున్న: అది సరే. వాపోవులో ‘వా’ నోరా, ఏడుపు చప్పుడా?