శాసనం లేని చర్చికి వయసు ఎట్లా కడతారు? (వేల్స్‌లోని పెన్నంట్ మెలంగెల్)

పానగల్లు చెరువుగట్టు:

మాది నల్లగొండ పక్కన పానగల్లు. చిన్నప్పటి నుండి పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయాల మధ్య తిరిగినవాణ్ణి కాబట్టి ఏ పాత కట్టడం చూసినా ముందు శాసనపు రాయి ఎక్కడుందని వెదుకుతాను. మా తమ్ముడి కుటుంబం ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. మొన్నటి వేసవిలో వెళ్లినప్పుడు పోవిస్ ప్రాంతంలో తానట్ లోయ చివరన, కొండల ఒడిలో ఉన్న పెన్నంట్ మెలంగెల్ అనే చిన్న చర్చికి నన్ను తీసుకుపోయాడు. ల్లంగినోగ్ అనే ఊరు దాటాక ఒక్క బండి మాత్రమే పట్టే దారిలో సుమారు మూడు కిలోమీటర్లు పోవాలి. గుండ్రటి ప్రహరీ, లోపల సమాధులు, ముసలి చెట్లు, నడుమ రాతి చర్చి ఉన్నాయి.

నన్ను ఇబ్బంది పెట్టింది దాని వయసు. చర్చి 12వ శతాబ్దిది అని ఒకచోట చదివాను. దానికి మూలమైన మెలంగెల్ అనే సాధ్వి 7వ శతాబ్ది ఆరంభంలో అక్కడ ఉండేదని ఇంకోచోట ఉంది. ఆవరణలోని యూ (ఎప్పుడూ పచ్చగా ఉండే ఐరోపా చెట్టు) చెట్లకు రెండు వేల ఏండ్లని మా తమ్ముడు అన్నాడు. కాలం చెప్పే శాసనం మాత్రం ఎక్కడా కనపడలేదు. ఈ మూడు లెక్కల్లో దేన్ని నమ్మాలి?

సూర్యాపేట శిల:

అయ్యా, ఈ మూడు లెక్కలూ ఒకే వస్తువు గురించి చెప్పినవి కావు. ఒకటి గోడల వయసు, ఒకటి కథ వయసు, ఒకటి ఆ చోటు వయసు. వీటిని కలిపేస్తేనే చిక్కు వస్తుంది.

మన సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల సామంతులైన రేచర్ల వారి శాసనాలు 1195, 1208 సంవత్సరాలవని శక సంవత్సరంతో సహా తేలుతుంది కాబట్టి గోడలకు సంవత్సరం చెప్పడం తేలిక. వేల్స్ పల్లె చర్చిల్లో ఆ సౌకర్యం అరుదు కనుక అక్కడివారు కమాను వంపును, రాతి చెక్కడపు శైలిని, పునాది వరసలను చూసి కాలం నిర్ణయిస్తారు. మీరు చూసిన చర్చిలో పాత గోడలూ, రాతి బాప్తిస్మ తొట్టీ, మెలంగెల్ అస్థికల కోసం కట్టిన మందిరపు రాళ్లూ 12వ శతాబ్ది శైలిలో ఉన్నాయి. కొయ్య చెక్కడపు అడ్డుతెర 15వ శతాబ్దిది. అంటే ఒకే కప్పు కింద కనీసం మూడు వందల ఏండ్ల ఎడం ఉన్న పనులు ఉన్నాయన్నమాట.

కథ సంగతి వేరు. ఐర్లండు రాజు కూతురైన మెలంగెల్ పెండ్లి ఇష్టం లేక ఈ లోయకు వచ్చి తపస్సు చేసుకుంటూ ఉండగా, 604లో బ్రోఖ్‌వెల్ అనే రాజు వేటకు వచ్చాడనీ, కుక్కలు తరిమిన కుందేలు ఆమె వస్త్రం కింద దూరిందనీ, కుక్కలు వెనక్కి తగ్గడం చూసి రాజు ఆ లోయను ఆమెకు దానమిచ్చాడనీ చెబుతారు. ఆ చుట్టుపక్కల కుందేళ్లను మెలంగెల్ గొర్రెపిల్లలని పిలిచేవారు, చంపేవారు కాదు. కథను రాసిపెట్టిన లాటిన్ ప్రతులు ఆ కాలానికి సుమారు వెయ్యేండ్ల తరువాతివి. మన స్థలపురాణాలను చదివినట్టే దీన్నీ చదవాలి. 604 అనేది చరిత్రకు ఆధారం కాదు గానీ, భూమి ఎవరి దానమో చెప్పవలసిన అవసరం ఆ చర్చికి ఉండేదని మాత్రం దాని నుండి తెలుస్తుంది.

ఇక చోటు. 1989 తరువాత జరిగిన తవ్వకాల్లో చర్చి అడుగున కాంస్యయుగం నాటి దహనపు గుంటలు బయటపడ్డాయి. కాబట్టి క్రైస్తవం రాకముందే అక్కడ మనుషులు చనిపోయినవారికి కర్మకాండ జరిపారు. గుండ్రటి ఆవరణలు వేల్స్‌లో చాలా చోట్ల ఉన్నాయి. ఊరి పేర్లకు ముందు వచ్చే ‘ల్లాన్’ అనే మాటకు మొదటి అర్థం ప్రహరీ కట్టిన చోటు, తరువాతి అర్థం చర్చి. (ఆ మొదటి అక్షరాన్ని వేల్స్ వారు పలికేది మన ‘ల్ల’ కాదు, నాలుక అంచు పక్కనుంచి గాలి ఊదినట్టు ఉంటుంది. దాన్ని రాయడానికి మనకు అక్షరం లేదు.)

శాసనం అసలే ఉండదనుకోవద్దు. అదే పోవిస్‌లో దక్షిణాన పార్ట్రిషో చర్చిలో బాప్తిస్మ తొట్టి అంచున, ఫలానా రాజు కాలంలో మెన్‌హిర్ అనేవాడు నన్ను చేశాడని లాటిన్‌లో చెక్కి ఉంది. ఆ రాజు పాలనను బట్టి దాన్ని 11వ శతాబ్ది నడుమ వేస్తారు. మన శాసనాల్లో ఫలానావారు పృథ్వీరాజ్యం సేయుచుండగా అన్నట్టే ఇదీను!

పాలమూరు పంతులు:

చెట్ల గురించి ఒక్క మాట. మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును చూసినవారికి యూ చెట్టు స్వభావం తేలికగా అర్థమవుతుంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న మన మర్రికి ఏడు వందల ఏండ్లని అంటారు గానీ, మొదటి మాను ఏదో, ఊడలు దిగి మానులైనవి ఏవో చెప్పడం కష్టం. యూ కూడా ముసలిదయ్యే కొద్దీ లోపల డొల్లబారిపోతుంది. వయసు లెక్కపెట్టవలసిన వలయాలే మాయమయ్యాక మిగిలేది మాను చుట్టుకొలతను బట్టి వేసే అంచనా మాత్రమే. నేలకు ఆనిన కొమ్మ వేరు పట్టి కొత్త చెట్టయ్యే గుణం దానికీ ఉంది. రెండు వేల ఏండ్లన్న మాటను అందువల్ల గౌరవంగా వినాలి, సంవత్సరంగా రాసుకోకూడదు. మన చెట్టుకు 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన సంగతి మీ తమ్ముడికి చెప్పండి, అక్కడివారు ఆశ్చర్యపోతారు.

పానగల్లు చెరువుగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం. మన దగ్గర గుడికి మాన్యం రాసి, దీపారాధనకు, పూజారికి ఏర్పాటు చేసేవారు. పది ఇండ్లు కూడా లేని ఆ లోయలో చర్చిని ఎవరు పోషించారు? లోపలి మందిరం రాళ్లు కూడా కొన్ని పాతవి, కొన్ని కొత్తవిగా కనిపించాయి.

మిర్యాలగూడ నుంచి కార్డిఫ్:

అక్కడా భూమే పోషించింది, కానీ పద్ధతి వేరు. పంటలో పదో వంతు చర్చికి చెల్లాలి. 1836 చట్టంతో అది నగదు రూపంలోకి మారింది. 19వ శతాబ్దికి వేల్స్ రైతుల్లో చాలామంది అధికారిక చర్చిని వదిలి సొంత ప్రార్థనా మందిరాలకు వెళుతుండేవారు. తాము అడుగుపెట్టని చర్చికి, ధరలు పడిపోయిన కాలంలో, పదో వంతు ఎందుకు కట్టాలన్నది వారి ప్రశ్న. 1886 నుండి ఉత్తర వేల్స్‌లో పశువులను జప్తు చేసి వేలం వేయబోతే ఊళ్లు ఎదురు తిరిగాయి, పోలీసులూ సైనికులూ దిగారు. 1891లో చెల్లింపు బాధ్యతను కౌలుదారు మీది నుండి భూస్వామి మీదికి మార్చారు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి ఈ చరిత్ర పరాయిదిగా తోచదు. చివరికి 1914 చట్టం, యుద్ధం వల్ల ఆగి ఆగి, 1920 మార్చి 31న అమలులోకి వచ్చి వేల్స్ చర్చిని ప్రభుత్వం నుండి వేరు చేసింది. పాత ఆస్తిలో చాలా భాగం కౌంటీ కౌన్సిళ్లకు, విశ్వవిద్యాలయానికి పోయింది. మారుమూల చర్చిల నిర్వహణ భారం అప్పటి నుండి ఎక్కువగా స్థానికుల చందాల మీద పడింది.

మీరు చూసిన చర్చి 1980ల నాటికి పడగొట్టే స్థితికి వచ్చింది. ఒక పాదిరీ దంపతులు పట్టుబట్టి నిలబెట్టారు. మందిరం సంగతికి వస్తే, 16వ శతాబ్దిలో మతసంస్కరణ వచ్చి సాధువుల అస్థికల పూజ నిషేధమైన తరువాత దాన్ని విప్పేశారు. ఆ రాళ్లను పారేయకుండా చర్చి గోడల్లోనూ, ప్రహరీ ద్వారంలోనూ పేర్చుకున్నారు. 1958లో వాటిని ఏరి జతచేశారు. మరమ్మతుల సమయంలో మళ్లీ విప్పి ఇప్పుడున్న చోట నిలిపారు. దొరకని భాగాలకు మాత్రమే కొత్త రాయి వాడారు కాబట్టి మీ కంటికి తేడా కనిపించింది. శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో కట్టిన పని తెలిసినవారికి ఇందులో శ్రమ ఎంతో తెలుస్తుంది. కూడవెల్లి రాళ్లు వరుసలోనే ఉన్నాయి, ఇక్కడివి నాలుగు వందల ఏండ్ల పాటు గోడల్లో చెదిరి ఉన్నాయి.

పానగల్లు చెరువుగట్టు:

ఇప్పుడు ఆ ద్వారం ఫొటోలు మళ్లీ తీసి చూశాను. చర్చి లోపల నాలుగడుగుల పొడవున్న ఒక ఎముక కూడా ఉంది, అది మెలంగెల్ కుందేలుకు సంబంధించింది కాదు కదా?

మిర్యాలగూడ నుంచి కార్డిఫ్:

కాదు. దాన్ని రాక్షసి పక్కటెముక అని అక్కడివారు పిలుస్తారు. అది తిమింగలానిది.