కోడ్ రాకుండా వెబ్‌సైట్లు కట్టి బతకగలమా? డీటీపీ వదిలి నో-కోడ్ వైపు వెళ్లడంపై చర్చ

పుటలమనిషి
అందరికీ నమస్కారం. విజయవాడలో తొమ్మిదేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూలు డైరీలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. చదివింది బీకాం. ఈ మధ్య పత్రికల కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఫోనులోనే బొమ్మ తయారు చేసుకుని వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. అందుకని వెబ్‌ఫ్లో (కోడ్ రాయకుండా తెర మీదే పేజీలు అమర్చుకుని సైట్లు కట్టే నో-కోడ్ పనిముట్టు) నేర్చుకుని సొంతంగా వెబ్‌సైట్ల పని పట్టుకుందామని ఆలోచన. ఒక శిక్షణ సంస్థ వాళ్లు మూడు నెలలకు 45,000 అడుగుతున్నారు. "కోడింగ్ ఒక్క ముక్క అక్కర్లేదు" అంటున్నారు. మా బావమరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ మాట విని పగలబడి నవ్వాడు. ఎవరిని నమ్మాలి?

సెమికోలన్
మీ బావమరిదిని నమ్మండి. పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పనుల్లో చాలావరకు నో-కోడ్‌లో మొదలై సగంలో చిక్కుకున్నవే. కిందటేడు ఒక ట్యూషన్ కేంద్రం వాళ్లు తమ యాప్ పట్టుకొచ్చారు. చూడటానికి ముచ్చటగా ఉంది. అయితే హాజరు పట్టిక తెరిచిన ప్రతిసారీ మొత్తం పిల్లల రికార్డులన్నీ వెతికేలా కట్టారు. ముప్పై మంది ఉన్నప్పుడు ఎవరికీ తెలియలేదు. ఆరు వందల మంది అయ్యేసరికి ఫీజు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులు తిరిగే చక్రం చూస్తూ నిలబడ్డారు. కట్టినతనికి డేటాబేసు అంటే ఏమిటో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం లేదని ఎవరో చెప్పారు కాబట్టి తెలుసుకోలేదు.

ఇంకో సంగతి. ఈ వేదికలన్నీ అద్దె ఇళ్లు. కోడ్ లేకుండా యాప్‌లు కట్టే బబుల్‌నే తీసుకోండి. 2023లో ధరల పద్ధతి మార్చి, యాప్ సర్వర్ మీద ఎంత పని చేస్తే అంత లెక్క కట్టడం మొదలుపెట్టింది. నచ్చకపోతే సమాచారం తెచ్చుకోవచ్చు గానీ కట్టడం మాత్రం బయటికి రాదు.

అరుగుమీద
సెమికోలన్ గారూ, ఆయన ట్యూషన్ కేంద్రానికి యాప్ కడతానన్నారా? వెబ్‌సైట్లు కడతానన్నారు. రెండూ ఒక గాటన కట్టకండి.

నేను నరసరావుపేటలో ఇంట్లోనే కూర్చుని నాలుగేళ్లుగా వెబ్‌ఫ్లో మీద పని చేస్తున్నాను. చదివింది తెలుగు ఎంఏ. ఇప్పటికి ముప్పై ఒక్క సైట్లు అప్పగించాను. పళ్ల డాక్టర్లు, ఆడిటర్లు, ఇద్దరు ఆర్కిటెక్టులు, డల్లాస్‌లో యోగా నేర్పే ఒకావిడ. కోడ్ ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు. ఎప్పటికి అవుతుంది, ఎంతవుతుంది, ఫోనులో బాగా కనిపిస్తుందా, ఇవే ప్రశ్నలు. కోడ్ పెద్దగా రాయకుండా సైట్లు కట్టే పనిముట్లు కొత్తవి కావు. డ్రీమ్‌వీవర్ 1997లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ 2003లో. కోడ్ రాసేవాళ్లు అప్పుడూ ఇలాగే నవ్వారు. ఇవాళ లోకంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి.

సెమికోలన్
వర్డ్‌ప్రెస్ మీ వాదనకే అడ్డం తిరుగుతుందండీ. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. హోస్టింగ్ (సైటు ఉండే సర్వరు అద్దె) నచ్చకపోతే ఫైళ్లు, డేటాబేసు మూట కట్టుకుని ఇంకో చోటికి వెళ్లిపోవచ్చు. మీకు అడోబీ మ్యూజ్ గుర్తుందా? కోడ్ లేకుండా సైట్లు గీసుకునే పనిముట్టు. 2018లో ఇక కొత్త హంగులు ఉండవని ప్రకటించారు, 2020 మార్చితో సాయం కూడా ఆపేశారు. కట్టిన సైట్లు కూలిపోలేదు. దాన్నే నమ్ముకున్న డిజైనర్లు మాత్రం మళ్లీ ఓనమాలు దిద్దుకున్నారు. అడోబీ అంతటి సంస్థే అలా చేస్తే మిగిలినవాళ్ల సంగతి చెప్పాలా?

సరే, మీ నరసరావుపేటలోనే ఒకరు వచ్చి "మా పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మాలి, యూపీఐ ఉండాలి" అంటే వెబ్‌ఫ్లోలో ఎలా పెడతారు?

అరుగుమీద
అదేమీ ఊహించవలసిన పని లేదు, నిజంగానే వచ్చారు. గోంగూర, ఉసిరి, పండుమిర్చి, మాగాయ. మొత్తం పద్నాలుగు రకాలు. వెబ్‌ఫ్లో వాళ్ల సొంత దుకాణం భాగంలో డబ్బు కట్టించుకోవడానికి స్ట్రైప్, పేపాల్ తప్ప వేరే దారి లేదు. స్ట్రైప్ మన దేశంలో ఆహ్వానం ఉంటే తప్ప కొత్త ఖాతా ఇవ్వడం లేదు. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి చెల్లింపులు మానేసింది. ఇవన్నీ ముందే చదివి పెట్టుకున్నాను కాబట్టి ఆ భాగం జోలికే పోలేదు. ఒక్కో పచ్చడికి ఒక పేజీ, ఆ పేజీలో రేజర్‌పే అనే మన దేశపు చెల్లింపుల సంస్థ బటన్. ఆ బటన్ కోసం వాళ్లిచ్చే నాలుగు ముక్కల కోడ్ తెచ్చి అతికించాను. యూపీఐ పనిచేసింది. ఆవిడ మొదటి ఆర్డరు తన అక్క చేతే పెట్టించుకుంది, అది వేరే కథ.

సెమికోలన్
"కోడ్ తెచ్చి అతికించాను". చాలు, నేను వెళ్లొస్తాను.

అరుగుమీద
ఆగండి. అతికించడం వేరు, రాయడం వేరు. దర్జీ దారం తానే వడకాలంటారా? అయితే మీకు నిజాయితీగా ఒకటి ఒప్పుకుంటాను. రెండు పచ్చళ్లు కలిపి ఒకే బుట్టలో వేసుకునే వీలు నేను ఇవ్వలేకపోయాను. నెల తిరిగేసరికి ఆవిడ అదే అడిగింది. వేరే అమ్మకాల వేదికకు మార్చి పెట్టాను, దానికి విడిగా డబ్బు తీసుకున్నాను.

గుణింతం
ఇద్దరూ భలే పోట్లాడుకుంటున్నారు గానీ, అడిగినాయన సంగతి గాలికి వదిలేశారు. పుటలమనిషి గారూ, మీ తొమ్మిదేళ్లను మీరే తక్కువ చేసి చూసుకుంటున్నారు.

ఒక చిన్న ఉదాహరణ. ఒక ఆసుపత్రి సైటుకు "స్త్రీల వైద్యశాల" అని పెద్ద శీర్షిక పెట్టాను, దాని కింద పంక్తిలో "శిశు సంరక్షణ కేంద్రం". ఈ టెంప్లేట్లన్నీ ఇంగ్లిషు అక్షరాల కొలతతో చేసినవి, నేను తీసుకున్నదాంట్లో పంక్తి ఎత్తు అక్షరం కొలతకు 1.1 రెట్లు ఉంది. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. మనకు పైన గుడులూ కింద వత్తులూ ఉన్నాయి కదా! "స్త్రీ" కిందనున్న త వత్తు, ర వత్తు దిగి వచ్చి కింది పంక్తిలోని "శి" గుడికి గుద్దుకున్నాయి. ఫోనులో చూస్తే అదేదో కొత్త అక్షరంలా ఉంది. 1.5కి పెంచాను, అక్షరాల మధ్య ఎడం సున్నా చేశాను, కుదిరింది. అక్కడ అంకె మార్చడమే తప్ప కోడ్ రాసింది లేదు. కానీ ఆ పెట్టెలో ఉన్నవన్నీ సీఎస్‌ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్) గుణాలే. వెబ్‌ఫ్లో కుడిచేతి వైపు పలక అంతా సీఎస్‌ఎస్‌కు వేసిన ముసుగు. మార్జిన్ (పెట్టె బయటి ఎడం), ప్యాడింగ్ (లోపలి ఎడం), ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెలను వరుసగా అమర్చే పద్ధతి) ఏమిటో తెలియకుండా ఆ మీటలు నొక్కేవాళ్లు చీకట్లో తడుముకున్నట్లే.

కాబట్టి "ఒక్క ముక్క అక్కర్లేదు" అన్నవాళ్లకు 45,000 ఇవ్వకండి. వెబ్‌ఫ్లో వాళ్ల పాఠాలే ఉచితంగా ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏమేం ఉండాలో చెప్పే కోడ్), సీఎస్‌ఎస్ నెల రోజులు కూర్చుంటే మీ అవసరానికి సరిపడా వస్తాయి. పేజీలో కదలికలు, లెక్కలు చేయించే జావాస్క్రిప్ట్ తర్వాత చూసుకోవచ్చు.

పుటలమనిషి
గుణింతం గారూ, ఆ వత్తుల బాధ నాకు కొత్త కాదు! ఫ్లెక్సీల్లో రోజూ పడేదే. మా దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. కస్టమర్లు ఇచ్చే పాత మ్యాటరంతా అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉంటుంది. అది వెబ్‌సైటులో పనికొస్తుందా?

గుణింతం
రాదు. నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, మారేటప్పుడు చెదిరిన వత్తులన్నీ కూర్చుని దిద్దాలి. హైదరాబాద్‌లోని పెద్ద ఏజెన్సీలు ఈ పనికి మొహం చాటేస్తాయి. మీరు నిద్రలో కూడా చేయగలరు. దానికి విడిగా లెక్క కట్టండి, ఉచితంగా చేసి పెట్టకండి.

సెమికోలన్
గుణింతం గారు చెప్పిన పద్ధతిలో అయితే నాకు పెద్దగా పేచీ లేదు. సీఎస్‌ఎస్ వచ్చినవాళ్లను నో-కోడ్ వాళ్లని నేను అనను, అది వేరే గొడవ. ఒక్క జాగ్రత్త మాత్రం రాసి పెట్టుకోండి. డొమైన్ (సైటు చిరునామా) కస్టమర్ పేరు మీద, కస్టమర్ మెయిల్‌తో, కస్టమర్ కార్డుతోనే కొనిపించండి. హోస్టింగ్ కూడా అంతే. మీ ఖాతాలో పెట్టుకుంటే ఏటా డాలర్లలో మీకు కోత పడుతుంది, వాళ్లేమో రెండో ఏడు ఫోను ఎత్తరు. వెబ్‌ఫ్లో డబ్బు కట్టే ప్లానులో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ బయటికి ఇస్తుంది. ఫారాలు మాత్రం అక్కడే ఆగిపోతాయి, సీఎంఎస్‌లో (వ్యాసాలు దాచే భాగం) పెట్టిన వ్యాసాలను విడిగా సీఎస్‌వీగా (పట్టిక ఫైలుగా) తెచ్చుకోవాలి. ఈ మాట పని ఒప్పుకునే రోజే కస్టమర్‌కు చెప్పండి, చివర్లో చెబితే మోసం చేశారంటారు.

అరుగుమీద
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మొదటి ఏడాది నేను మూడు సైట్ల అద్దె నా జేబులోంచి కట్టాను.

పుటలమనిషి
అందరికీ ధన్యవాదాలు. కోర్సు మానేశాను. ఉద్యోగం ఇప్పుడే వదలను, సాయంత్రాలు కూర్చుంటాను. మా వీధి చివర కల్యాణమండపం వాళ్లకు తొమ్మిదేళ్లుగా కరపత్రాలు నేనే వేస్తున్నాను. ఆదివారం వెళ్లి సైటు సంగతి కదుపుతాను. ఎంత అడగమంటారు?

అరుగుమీద
ధర సంగతి తర్వాత. ముందు మండపం ఖాళీగా ఉన్న రోజు తీసిన మంచి ఫొటోలు వాళ్ల దగ్గర ఉన్నాయేమో అడగండి. ఉండవు. మీతో పాటు ఒక ఫొటోగ్రాఫర్‌ను తీసుకెళ్లండి.