ఖాళీ చేసే అద్దెవాళ్ళ అడ్వాన్సులోంచి ఎంత కోసుకోవచ్చు?

నిజాంపేట ఓనరు

నిజాంపేటలో మాకొక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉంది. అద్దె 22 వేలు, అడ్వాన్సు రెండు నెలలది, అంటే 44 వేలు. మూడేళ్ళున్న కుటుంబం పోయిన ఆదివారం ఖాళీ చేసింది. ఈ మూడేళ్ళలో అద్దె రూపాయి పెంచలేదు.

తాళాలు తీసుకోవడానికి వెళ్తే పరిస్థితి ఇది. వంటగట్టు గ్రానైటు పగిలింది. కొబ్బరికాయలు దానిమీదే కొట్టేవారని పక్క ఫ్లాటావిడ చెప్పింది. సింకు కింద కప్‌బోర్డు ప్లైవుడ్డు నీళ్ళకి ఉబ్బిపోయి తలుపు వేలాడుతోంది. బాత్రూమ్ టైల్స్‌కి ఎక్కడ పడితే అక్కడ డ్రిల్లు కన్నాలు, రెండు టైల్స్ పగిలాయి కూడా. పిల్లల గదిలో గోడ నిండా స్కెచ్ పెన్ను బొమ్మలు. గీజరు పనిచేయడం లేదు. హాల్లో స్ప్లిట్ ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం అలాగే వదిలేశారు.

పనివాళ్ళని పిలిచి లెక్క వేయించాను. పెయింటింగ్ 22 వేలు, గ్రానైటు 9 వేలు, కప్‌బోర్డు 7 వేలు, టైల్స్ 4 వేలు, గీజరు 3 వేలు, ఏసీ కన్నం వెయ్యి. మొత్తం 46 వేలు. పైన రెండు వేలు నేనే భరిస్తాను, అడ్వాన్సుతో సరి అన్నాను. ఆయన "మూడేళ్ళు కాపురం చేశాక ఇల్లు కొత్తగా ఎలా ఉంటుంది సార్, పది వేలకు మించి ఒప్పుకోను" అంటున్నారు. అగ్రిమెంటులో మాత్రం ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు కింద ఒక నెల అద్దె మినహాయించుకుంటామని స్పష్టంగా రాసుకున్నాం. న్యాయం ఎవరిది?

ఏడో ఇల్లు

పెళ్ళయ్యాక నేనున్న ఇళ్ళ లెక్కే నా పేరు, కాబట్టి అద్దెవాళ్ళ తరఫునే మాట్లాడతాను.

ఈ "పెయింటింగ్‌కి ఒక నెల" అనేది హైదరాబాద్‌లో ఆచారంగా మారిపోయింది. ఆర్నెల్లున్నా అదే కోత, ఆరేళ్ళున్నా అదే కోత. పాత ఇంట్లో మా దగ్గర పెయింటింగ్ కింద 18 వేలు పట్టుకున్నారు. పక్క వీధిలోకే మారాం కాబట్టి తెలిసింది, తర్వాతి వారమే కొత్తవాళ్ళు దిగారు. గోడల మీద మా క్యాలెండరు మేకులు కూడా తీయలేదు. ఆ 18 వేలు ఏ గోడకి వేసినట్టు?

ఇంకో మాట. అద్దె ఆదాయంలో 30 శాతాన్ని ఏ బిల్లూ అడక్కుండా ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలోంచి వదిలేస్తారు. రిపేర్లు చేయించినా చేయించకపోయినా ఆ మినహాయింపు వస్తుంది. అక్కడ ఒకసారి తీసుకుని, మా దగ్గర ఇంకోసారి తీసుకుంటామంటే ఎలా?

వనస్థలిపురం టీచరమ్మ

బాబూ, ఆ 30 శాతం ట్యాక్సు కట్టేంత ఆదాయం ఉన్నవాళ్ళకి. మా వారు పోయాక పై వాటా అద్దె, నా పెన్షనూ కలిపితేనే నాకు ఇల్లు గడుస్తుంది. ట్యాక్సు పరిధిలోకే రాను. నాకెవరు వదిలేశారు?

ఓనరంటే పది ఫ్లాట్లున్న సేటు అని అందరూ అనుకుంటారు. మా వీధిలో అద్దెకిచ్చేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. ఒక పోర్షను కట్టించడానికి పీఎఫ్ డబ్బంతా పోశారు. అడ్వాన్సు గురించి ఎవరూ చెప్పని విషయం ఇంకోటుంది. ఖాళీ చేస్తామని చెప్పిన రోజునుంచి చివరి రెండు నెలలూ అద్దె కట్టరు. "అడ్వాన్సులో సర్దుకోండి ఆంటీ" అంటారు. వెళ్ళేనాటికి కరెంటు బిల్లు బాకీ, విరిగిన కిటికీ అద్దం, నీళ్ళు కారే కమోడు మిగులుతాయి. ఇక దేంట్లోంచి కోసుకోవాలి? ఫోన్ చేస్తే ఎత్తరు.

అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. శ్రావణమాసంలో వాయనం తీసుకోవడానికి, సంక్రాంతికి బొమ్మల కొలువు చూడ్డానికి పైకి వెళ్తాను. పసుపు కుంకుమ తీసుకుంటూ వంటింటి వైపు ఒక చూపు చూసి వస్తాను. తనిఖీ అంటే వాళ్ళకి కోపం వస్తుంది, పేరంటం అంటే కాఫీ ఇస్తారు.

ఏడో ఇల్లు

ఆంటీ, మీలాంటి ఓనరుతో నాకు పేచీ లేదు. కానీ ఆ చివరి రెండు నెలలు ఎందుకు కట్టరో కూడా ఆలోచించండి. కట్టేసి వెళ్తే అడ్వాన్సు తిరిగి రాదని ముందు ఇళ్ళలో తెలుసుకున్నారు కాబట్టి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు, అంతే.

మారతహళ్ళి మావయ్య

44 వేలకే ఇంత చర్చా? మా బెంగళూరులో పది నెలల అడ్వాన్సు మామూలుగా అడిగేవారు. ఇప్పుడు కొంత తగ్గింది కానీ ఐదారు నెలలు ఇంకా అడుగుతున్నారు. లక్షలు వాళ్ళ చేతిలో పెట్టుకుని, వెళ్ళేటప్పుడు "కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ అడ్వాన్సులోంచి ఇస్తా" అంటారు. గోడ మీద గీతలకు గది మొత్తం రంగు బిల్లు వేసినా నోరు మూసుకుని సరే అంటాం. డబ్బు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదే.

బెజవాడ ప్లీడరు

కొంచెం చట్టం సంగతి చెప్తాను.

హైదరాబాద్‌లో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. కాబట్టి నేటి ఫ్లాట్లలో చాలావాటికి పనికొచ్చేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. దాని 108వ సెక్షన్ ప్రకారం, సహజమైన అరుగుదల, మనిషి ఆపలేని విపత్తుల వల్ల వచ్చిన మార్పులు తప్ప, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. సొంత ఇంటిని ఎంత జాగ్రత్తగా వాడుకుంటారో అంత జాగ్రత్తగా వాడాలి. అద్దెకున్నవారి వల్లే ఏదైనా పాడైతే, ఓనరు నోటీసు ఇచ్చాక మూడు నెలల్లో బాగు చేయించాలి.

2021లో కేంద్ర క్యాబినెట్ ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది. నమూనా కాబట్టి ఏ రాష్ట్రమైనా తనదిగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. అయినా దాని చివర ఉన్న పట్టిక చదవదగ్గది. ఏ రిపేరు ఎవరిదో అందులో రాశారు. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు వంతు. కుళాయిలు, స్విచ్చులు, గీజరు రిపేరు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవారి వంతు.

గమనించారా? ఇక్కడ ఇద్దరూ అనుకుంటున్నదానికి ఇది తలకిందులు. ఓనరు గారు గట్టిగా పట్టుకున్న పెయింటింగ్ ఆయన వంతులోకే వస్తుంది. గీజరేమో అవతలివారి వంతు.

నిజాంపేట ఓనరు

మరి సంతకం పెట్టిన అగ్రిమెంటు సంగతేంటి ప్లీడరు గారూ? అది పదకొండు నెలలదే. తర్వాత రెన్యువల్ చేయలేదు. అవతలాయన ఇప్పుడు అదే పట్టుకున్నారు, అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది కదా అని.

బెజవాడ ప్లీడరు

గడువు అయిపోయాక కూడా ఆయన ఉంటూ, మీరు అద్దె తీసుకుంటూ ఉన్నారు కాబట్టి పాత షరతులే నెలనెలా కొనసాగినట్టు లెక్క. ఆ వాదన నిలవదు. పెయింటింగ్ షరతు కూడా మీకు బలమే. కాకపోతే ఖర్చు కింద అని రాసుకున్నప్పుడు ఖర్చు పెట్టాలి, బిల్లు చూపించాలి. రంగు వేయకుండా 22 వేలు జేబులో వేసుకుంటే, "ఏడో ఇల్లు" గారి ఓనరుకీ మీకూ తేడా ఉండదు.

ఇంతకీ వాళ్ళు దిగినప్పటి ఫొటోలు ఉన్నాయా?

నిజాంపేట ఓనరు

ప్రత్యేకంగా తీయలేదు. కానీ అప్పట్లో బ్రోకరు ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాడు. ఆ ఫొటోలు నా వాట్సాప్‌లో ఉన్నాయి. వంటిల్లు, బాత్రూమ్ రెండూ బాగా కనిపిస్తున్నాయి. టైల్స్‌కి ఒక్క కన్నం లేదు.

సైట్ మేస్త్రీ

నేను గ్రానైటు, టైల్స్ పని చేయించేవాణ్ణి. రెండు ప్రశ్నలు. గ్రానైటు పగులు ఎక్కడ మొదలైంది? గీజరు వయసెంత, నీళ్ళు మంజీరా కుళాయివా, బోరువా?

నిజాంపేట ఓనరు

పగులు సింకు మూల నుంచి ముందు అంచుదాకా వచ్చింది. గీజరు ఇల్లు కొన్నప్పటిది, ఎనిమిదేళ్ళు అయింది. నీళ్ళు ఎక్కువగా బోరువే, ట్యాంకర్లు కూడా.

సైట్ మేస్త్రీ

అయితే గీజరు మాట వదిలేయండి సార్. బోరు నీళ్ళకి ఎలిమెంటు మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వేడి బయటికి పోక ఎలిమెంటు కాలిపోతుంది. ఎనిమిదేళ్ళు వచ్చిందంటేనే గొప్ప. ఎవరు వాడినా పోయేదే. చట్టం పట్టికలో ఏముందో నాకు తెలీదు కానీ, చివరగా ఉన్నవాళ్ళ నెత్తిన వేయడం న్యాయం కాదు.

గ్రానైటు విషయం అంత తేలిక కాదు. సింకు కోసం కోసినచోట ముందువైపు మూడు నాలుగు అంగుళాల పట్టీ మాత్రమే మిగులుతుంది. బండ మొత్తంలో బలహీనమైన చోటు అదే. కింద కడప రాయి సపోర్టు సరిగ్గా పెట్టకపోతే నీళ్ళ బిందె గట్టిగా పెట్టినా విరుగుతుంది. కొబ్బరికాయ కొట్టేవాళ్ళు సింకు మూల మీద కొట్టరు, నడి బండ మీద కొడతారు. కింద ఎలా కట్టారో చూడకుండా తొమ్మిది వేలు వేయడం తొందరపాటు. పక్కింటావిడ మాట సాక్ష్యం కాదు, ఆమెకి వీళ్ళతో పార్కింగ్ గొడవ ఉందేమో ఎవరికి తెలుసు!

డ్రిల్లు కన్నాలు మాత్రం నూరు శాతం వాళ్ళవే. ఇప్పుడు అతికించే హుక్కులు దొరుకుతున్నాయి. టైలుకి డ్రిల్లు పెట్టేముందు ఓనర్ని ఒక మాట అడగాలి. పైగా ఆ డిజైను టైలు ఇప్పుడు మార్కెట్లో దొరకదు. రెండు టైల్స్ మారిస్తే గోడకి ప్యాచీ వేసినట్టుంటుంది. ఆ నష్టం నాలుగు వేలలో రానే రాదు.

డాలస్ నుంచి

నేను రెండు వైపులా ఉన్నాను. ఇక్కడ అద్దెకి ఉంటున్నాను, మియాపూర్‌లో నా ఫ్లాటు అద్దెకిచ్చాను. టెక్సస్ చట్టంలో ఖాళీ చేశాక ఓనరుకి 30 రోజులు గడువు. ఆలోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా దేనికి ఎంత కోశారో విడివిడిగా రాసి పంపాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి ఒక్క డాలరు కోయకూడదు. మన కొత్త అడ్రసు వాళ్ళకి రాసి ఇవ్వాలి, అది మర్చిపోతే మనకే చిక్కు.

మియాపూర్ ఫ్లాటుకి వచ్చేసరికి నేను చూసేదేమీ లేదు. బావమరిది వెళ్ళి "అంతా ఓకే బావా" అంటాడు. వాడికి సింకు కింద తలుపు తీసి చూడాలని ఎందుకు తడుతుంది? దూరంగా ఉన్న ఓనర్లు అడ్వాన్సు గట్టిగా పట్టుకోవడానికి ఇదే కారణం, అత్యాశ అనుకోకండి.

ఏడో ఇల్లు

సింకు అన్నారు కాబట్టి అడుగుతున్నా. నిజాంపేట ఓనరు గారూ, కప్‌బోర్డు ఉబ్బింది నీళ్ళు కారడం వల్లే కదా. ఆ లీకు గురించి వాళ్ళు మీకెప్పుడూ చెప్పలేదా?

నిజాంపేట ఓనరు

చెప్పారు. పోయిన వానాకాలంలో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ప్లంబర్ని పిలిపించుకోండి, ఎంతైతే అంత అద్దెలో తగ్గించుకోండి అని అదే రోజు రాశాను. పిలిపించుకోలేదు. కింద బకెట్టు పెట్టి నడిపించారు. ఇందులో నా తప్పేముంది?

ఏడో ఇల్లు

పైపు మీది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ప్లంబర్ కోసం ఎవరు సెలవు పెడతారు? మీరే పంపించి ఉండాల్సింది.

వనస్థలిపురం టీచరమ్మ

అదేం మాట నాయనా! పాలవాడికి, గ్యాసువాడికి, పార్సిల్ అబ్బాయికి తలుపు తీస్తారు, ప్లంబరుకి తీయలేరా? డబ్బు కూడా నీది కాదని ఆయన రాసిచ్చాడు. నెలల తరబడి బకెట్టు పెట్టుకుని కూర్చోవడం నిర్లక్ష్యం. కప్‌బోర్డు మొత్తం వాళ్ళదే.

బెజవాడ ప్లీడరు

కప్‌బోర్డు విషయంలో నేను టీచరమ్మ గారితోనే. ఆ వాట్సాప్ మెసేజ్ చెరపకండి. అయితే ఎనిమిదేళ్ళ ప్లైవుడ్డుకి కొత్తదాని ధర అడగడం కుదరదు. సగం అడగండి. కోర్టు దాకా వెళ్ళే మాట మాత్రం ఇద్దరూ మానుకోండి, ఈ మొత్తానికి వాయిదాల ఖర్చే ఎక్కువవుతుంది.

నిజాంపేట ఓనరు

అందరి మాటలూ చదివి లెక్క మార్చాను. గీజరు వదిలేశాను. గ్రానైటు కింద మేస్త్రీ గారు చెప్పినట్టు సపోర్టు చూపించాను. ఆ మూల కింద కడప రాయి సగం వరకే ఉంది, కాబట్టి అదీ వదిలేశాను. టైల్స్ 4 వేలు, ఏసీ కన్నం వెయ్యి, కప్‌బోర్డు 3,500. పెయింటింగ్‌లో సగం, 11 వేలు, బిల్లు చూపించి తీసుకుంటాను. మొత్తం 19,500 పోగా 24,500 తిరిగి ఇస్తాను. ఆయన మాత్రం 34 వేల దగ్గరే ఉన్నారు. పెయింటింగ్ సగం కూడా ఒప్పుకోనంటున్నారు.

ఏడో ఇల్లు

మిగతావన్నీ సరే. పెయింటింగ్ సగం ఎందుకు? పిల్లల గది ఒక్కటే వాళ్ళు పాడు చేసింది. ఆ గదికి నాలుగైదు వేలు తీసుకోండి. హాలు, పెద్ద బెడ్‌రూమ్ మూడేళ్ళకి ఎలాగూ మీరు వేయించాల్సినవే.

నిజాంపేట ఓనరు

ఒక నెల మొత్తం రాసుకుని సగమే అడుగుతుంటే అదీ ఎక్కువేనా? సంతకం పెట్టేరోజు ఆయన ఈ మాట అనుంటే అద్దె వెయ్యి ఎక్కువ చెప్పేవాణ్ణి.

మారతహళ్ళి మావయ్య

పెయింటింగ్ విషయంలో ఇద్దరూ ఏడెనిమిది వేల దగ్గర కలుస్తారు, రాసి పెట్టుకోండి.

బెజవాడ ప్లీడరు

ఎక్కడ కలిసినా డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. లెక్క పూర్తయిందని, ఇక ఎవరికీ బాకీ లేదని ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, తాళాల సంఖ్య, కరెంటు మీటరు రీడింగు కూడా అందులోనే రాయండి. కొత్తవాళ్ళు దిగేముందు సింకు కింద తలుపు తీసి వీడియో తీయండి.