టెక్నికల్ డైవింగ్‌కు నాలుగు లక్షలు సరిపోతాయా?

విడవలూరు నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను మా మండలంలోని ఒక రొయ్యల హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట పుదుచ్చేరిలో స్కూబా నేర్చుకుని, 30 మీటర్ల వరకు దిగే అర్హత సంపాదించాను. ఇప్పటికి 46 డైవ్‌లు పూర్తయ్యాయి. శ్రీలంకలోని బట్టికలోవా తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న హెచ్‌ఎంఎస్ హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను చూడాలన్నది నా కోరిక. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయని మా నాయనమ్మ చెబుతుండేది; ఆ తర్వాత మూడు రోజులకే, 9వ తేదీన, జపాన్ విమానాలే ఈ నౌకను ముంచాయని తెలిసినప్పటి నుంచి దాని ఆలోచన నన్ను వదలడం లేదు. అది దాదాపు 53 మీటర్ల లోతున ఉంది కనుక, వినోద డైవింగ్‌కు ఉన్న 40 మీటర్ల హద్దు దాటే టెక్నికల్ శిక్షణ తప్పనిసరి. నా దగ్గర నాలుగు లక్షల రూపాయలు ఉన్నాయి. కోర్సుల రుసుములు కలిపి చూస్తే సరిపోయేటట్టే కనిపిస్తోంది. ఈ దారిలో నడిచినవారు అసలు ఖర్చు ఎంతో చెప్పగలరా?

ఒంగోలు నుంచి జవాబు

తమ్ముడూ, మీరు రొయ్యల పనిలో ఉన్నారు కాబట్టి మీకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. చెరువు లీజు చూసి సాగు ఖర్చు అంచనా వేసేవారు ఎవరూ ఉండరు. డబ్బు పోయేది మేతకు, కరెంటుకు. ఇక్కడ కోర్సు రుసుము ఆ లీజు వంటిది. ఐదేళ్లలో నేను పుస్తకంలో రాసుకున్న ఖర్చు 11 లక్షల 40 వేలు కాగా, అందులో కోర్సులకు కట్టింది 2 లక్షల 10 వేలు మాత్రమే.

మిగిలినదంతా ఎక్కడికి పోయిందో లోతు లెక్క చూస్తే అర్థమవుతుంది. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 53 మీటర్ల దగ్గర, అంటే పీడనం ఆరు రెట్లు దాటిన చోట, నిమిషానికి 126 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండర్లు రెండింటిని జతచేసి 200 బార్ పీడనం వరకు నింపితే 4,800 లీటర్ల గాలి వస్తుంది. మూడో వంతు అపాయానికి దాచుకుంటే అడుగున గడపగలిగేది 25 నిమిషాలు. ఆ లోతులో మామూలు గాలిలోని నైట్రోజన్ మత్తు కలిగిస్తుంది కనుక హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడాలి. 45 శాతం హీలియం అనుకుంటే ఒక్క డైవ్‌కు 2,160 లీటర్లు నింపాలి. మన దేశం హీలియం కోసం దాదాపు పూర్తిగా దిగుమతి మీదే ఆధారపడుతోంది, మనం ఊపిరి వదిలిన ప్రతిసారీ అది బుడగలై పైకి పోతుంది. వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్లీ అందించే రీబ్రీదర్ కొంటే హీలియం చాలా మిగులుతుంది, కానీ ఆ యంత్రం ధరే మీ నాలుగు లక్షలను దాటిపోతుంది.

పైకి వచ్చేటప్పుడు పీల్చడానికి మరో రెండు సిలిండర్లు ఉండాలి. ఒకదాని మెడ దగ్గర టేపు మీద 21 అని, రెండోదాని మీద 6 అని పెద్ద అంకెలతో రాసుకుంటాము. సగం ఆక్సిజన్ ఉన్నదాన్ని 21 మీటర్లకు పైన, పూర్తి ఆక్సిజన్ ఉన్నదాన్ని 6 మీటర్లకు పైన మాత్రమే పీల్చాలి. అంతకన్నా కింద పీలిస్తే మూర్ఛ వచ్చి మునిగిపోయే ప్రమాదం ఉంది. ప్రతి సిలిండరుకూ విడి రెగ్యులేటరు, అంటే సిలిండరులోని గాలిని నోటికి అందించే పరికరం కావాలి, ప్రతి రెగ్యులేటరుకూ ఏటా సర్వీసు చేయించాలి.

ఈ సర్వీసు దగ్గరే నేను తప్పు చేశాను. ప్రయాణానికి డబ్బు మిగులుతుందని దాన్ని ఎనిమిది నెలలు వాయిదా వేశాను. 38 మీటర్ల దగ్గర నోట్లోని రెగ్యులేటరు ఒక్కసారిగా హోరుమని గాలి వదలసాగింది. చేయి తల వెనక్కి పోనిచ్చి కుడివైపు వాల్వు మూసి, మెడకు కట్టుకున్న రెండో రెగ్యులేటరు అందుకుని, డైవ్ ఆపి పైకి వచ్చాను. తర్వాత మెకానిక్ దాన్ని విప్పి, లోపలి సీటు మీద గోటికి తగిలీ తగలనంత సన్నని గాడిని చూపించాడు. డబ్బు చాలని మనిషి మొదట కోత పెట్టేది ఇటువంటి చోటే. అందుకే మీ దగ్గర ఎంత ఉందని కాకుండా, ఏటా ఎంత తీయగలరని అడుగుతున్నాను.

సింగరాయకొండ నుంచి జవాబు

నేను డైవర్‌ను కాను, మా ఆయన డైవర్. ట్రైమిక్స్ కోర్సుకు 100 డైవ్‌లు నమోదై ఉండాలన్నారు. ఆ అంకె చేరేందుకు ఆయన రెండేళ్లలో ఏడుసార్లు వెళ్లారు. మూడోసారి నా గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాము, విడిపించడానికి 14 నెలలు పట్టింది. సెలవులన్నీ సముద్రానికే పోవడంతో మా పాప చెవులు కుట్టించే వేడుకను రెండుసార్లు వాయిదా వేశాము. ఆయన ఇష్టం నాకు తెలుసు, వద్దని ఎన్నడూ అనలేదు. అయితే ఇంత అవుతుందని మొదటే కాగితం మీద రాసి నా ముందు పెట్టి ఉంటే, గొలుసు నేనే తీసి ఇచ్చేదాన్ని. ఒక్కొక్క ఖర్చూ విడిగా తెలియడమే నన్ను బాధించింది. మరొక మాట, మా జీవిత బీమా పత్రంలో సాహసక్రీడల వల్ల కలిగే మరణం మినహాయింపుల కింద ఉంది. డైవర్లకు ప్రత్యేకంగా ఉండే బీమా ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, ముందుగా మీ ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

విడవలూరు నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నా భార్యతో కలిసి లెక్క వేశాను. ఏటా లక్షా పాతిక వేలకు మించి తీయలేము. ఈ రెండేళ్లు ట్రైమిక్స్ జోలికి పోకుండా డైవ్‌ల సంఖ్య పెంచుకుని, తర్వాత 45 మీటర్ల డీకంప్రెషన్ కోర్సు (పైకి వస్తూ మధ్యమధ్య ఆగడం నేర్పేది) చేయాలని నిర్ణయించుకున్నాము. హెర్మిస్ అక్కడే ఉంటుంది. చెన్నైలో ఒకరు పాత జంట సిలిండర్లు అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

ఒంగోలు నుంచి

తీసుకోవచ్చు, కానీ ఇప్పుడే అవసరం లేదు. కొనే రోజు వచ్చినప్పుడు సిలిండరు భుజం మీద చెక్కిన చివరి హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో సిలిండరు బలం చూసే పరీక్ష) తేదీ చూడండి. వాల్వు విప్పించి, లోపలికి లైటు వేసి తుప్పు ఉందేమో పరిశీలించండి. గాలి పూర్తిగా వదిలిన తర్వాతే, అదీ తెలిసిన మెకానిక్ చేతనే విప్పించాలి. అందుకు అంగీకరించనివారి దగ్గర కొనకండి.