2010 బోర్డో సీసా: ఇప్పుడే తీయాలా, ఇంకా ఆగాలా?

ప్రశ్న (చిత్తూరు): అన్నలకు నమస్తే. మా బావ ఫ్రాన్సు నుంచి వస్తూ తెచ్చిన రెడ్ వైన్ ఒకటి ఇంట్లో ఉంది. లేబుల్ మీద మెడాక్, 2010 అని ఉంది. ఇన్నేళ్లూ బీరువాలో చీరల వెనక నిలబెట్టి పెట్టాం. పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందంటారు కదా, మావాడి పెళ్లి దాకా ఆపుదామని మా ఆవిడ. వాడింకా ఇంటర్ చదువుతున్నాడు. ఆపొచ్చా?

జవాబు (తిరుపతి): ఆపొద్దన్నా. మెడాక్ అంటే ఫ్రాన్సులో వైన్‌కు పేరున్న బోర్డో ప్రాంతంలోదే. బోర్డోకు 2010 గొప్ప సంవత్సరమే, కాదనను. అక్కడి పెద్ద ఎస్టేట్ల సీసాలు చల్లటి నేలమాళిగలో 30 ఏళ్లయినా నిలుస్తాయి. మీ సీసా ఉన్నది బీరువాలో, అదీ మన ఎండల్లో! వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీలు కావాలి. మే నెలలో మనకు 40 దాటుతుంది. ఆ వేడికి వైన్ ముదరదు, ఉడుకుతుంది. నిలబెట్టారు కాబట్టి బిరడా ఎండి గాలి కూడా దూరి ఉండొచ్చు.

అసలు పాతబడితే బాగుపడే వైన్లు తక్కువ. చాలావరకు కొన్నేళ్లలో తాగెయ్యడానికే చేస్తారు. వగరు, పులుపు, పండు రుచి మూడూ దండిగా ఉన్నవే నిలుస్తాయి: బోర్డో, ఇటలీ బరోలో లాంటివి. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్లది. లేత వైన్ తాగితే పచ్చి నేరేడు కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు రంగుతో కలిసి పెద్దవై మడ్డిగా అడుగున దిగుతాయి, నోటికి మెత్తబడుతుంది. అయితే పండు రుచి కూడా ఆ దారినే పోతూ ఉంటుంది. వగరు తగ్గి, పండు ఇంకా మిగిలున్న ఆ మధ్యకాలంలోనే తీయాలి.

ప్రశ్న: సరే అన్నా. తీశాక బాగుందో పోయిందో మాకెలా తెలుస్తుంది?

జవాబు: గ్లాసులో కొంచెం పోసి తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. అంచు ఊదారంగులో ఉంటే లేతది. ఇటుక రంగుకు తిరిగితే పక్వానికి వచ్చింది. మొత్తం గోధుమరంగైతే కాలం దాటినట్టే. వాసనలో ఎండు పండు, తోలు, పొగాకు, పుట్టగొడుగు తగిలితే బెంగపడకండి, అవి వయసు తెచ్చేవి. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మాత్రం బిరడా తెచ్చిన తెగులు.

ముందు రోజే సీసాను కదపకుండా నిలబెట్టండి, మడ్డి దిగుతుంది. 16, 18 డిగ్రీల దగ్గర తాగాలి, అంటే మన గది వేడి పనికిరాదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పాత బిరడా విరుగుతుంది, నిదానంగా లాగండి. సీసా మెడ వెనక ఫోను టార్చి పెట్టి మెల్లగా జగ్గులోకి వంచుతూ, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. ఆపైన ఎక్కువసేపు ఉంచొద్దు, పాత వైన్ వాసన త్వరగా చచ్చిపోతుంది.

వేరే సభ్యుడు (తిరుపతి): చిత్తూరు నుంచి ఇటు తెచ్చేట్టయితే అదే కారులో కొండకు బయలుదేరకండి సామీ, అలిపిరిలో తనిఖీ ఉంటుంది!

ప్రశ్న: ఇప్పుడే చూశాను. బిరడా మీది రేకు కింద జిగట, బిరడా కొంచెం పైకి లేచింది.

జవాబు: వేడికి వైన్ పొంగి కారింది. ఈ వారమే తీయండి. పుల్లటి వెనిగర్ వాసనొస్తే మాంసం కూరలో కూడా పోయకండి, కూర కూడా పాడవుతుంది.