తులసి కంకులు తుంచాలా, తేనెటీగలకు వదిలేయాలా?

మిద్దెతోట (అనంతపురం): కుండీల్లో తులసి నిండా పూతకొచ్చింది. ఈగలు బాగా వస్తాండాయి గానీ ఆకు చిన్నదైపోతాంది. కషాయానికి ఆకు కావల్ల, పక్కనున్న కాకర, గుమ్మడి కాయల్లంటే ఈగలూ కావల్ల. కంకులు తుంచేదా, వద్దా?

నల్లరేగడి (కర్నూలు): తుంచల్ల. రెండో మాటే లేదు. విత్తనం పట్టనిస్తే చిగురు ఆగిపోయి కాండం చెక్కబారుతుంది. కంకి ఒక్కటే గిల్లితే చాలదు. దాని కింద రెండు జతల ఆకులు కూడా పోయేట్టు, కణుపుకు కాస్త పైన కత్తెర పెట్టండి. ఆ కణుపు నుంచి రెండు కొమ్మలు లేస్తాయి. ఒకేసారి మూడో వంతుకు మించొద్దు. ఆకే లేని ముదురు కట్టె దాకా కోస్తే మళ్లీ చిగురించడం కష్టం. పైగా పూతకొచ్చిన తులసి ఆకులో మందు గుణం ఉండదు.

చీనీతోట (తాడిపత్రి): ఆ చివరి మాట తప్పు సార్. నూనె కోసం సాగుచేసేవాళ్లు నిండు పూతలోనే, నేల నుంచి 15–20 సెం.మీ. వదిలి కోస్తారు. ఆకు తగ్గుతుంది, గుణం ఎక్కడికీ పోదు. చీనీ (బత్తాయి) పూత అయిపోయినాక మా దిక్కు ఈగలకు తిండేది? నీళ్లు పెడితే తులసి ఎండల్లోనూ పూస్తుంది. వదలండి.

నల్లరేగడి: ఉగాదికి వేప పూయదా? ఆ వెనకే కానుగ లేదా? మీ తులసి లేకుంటే ఈగలు పస్తులుంటాయా?

చీనీతోట: అవి కొన్నాళ్ల పూత. ఆ తర్వాత?

నల్లరేగడి: నూనె పొలం లెక్క, కషాయం కుండీ లెక్క. రెండూ కలపొద్దు.

శ్రావణి: ద్వాదశి నాడు మాత్రం ముట్టుకోవద్దండీ.

పసుపుకొమ్ము (మైదుకూరు): ఇద్దరూ కంకిని సరిగ్గా చూసినట్టు లేదు. కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది, వరుసకు ఆరేసి పూలు. కింద గోధుమరంగు తిరిగి విత్తనం ముదురుతుంటే పైన ఇంకా ఊదాపూలు ఉంటాయి. పైన రెండు మూడు వరుసలే మిగిలినప్పుడు కోస్తే ఈగ తాగాల్సింది చాలావరకు తాగేసి ఉంటుంది. అన్ని కుండీలూ ఒకే రోజు కోయకుండా పదిహేను రోజులకు కొన్ని చొప్పున కోయండి, ఎప్పుడూ ఏదో ఒకటి పూతలో ఉంటుంది. కోసినాక గుప్పెడు కంపోస్టు వేసి, పైన వేరుశనగ పొట్టు పరవండి. నడి ఎండాకాలంలో గట్టి కోత వద్దు, చిగురు మాడిపోతుంది.

నల్లరేగడి: చెప్పడం సులువక్కా. లేస్ బగ్ అని ఆకు రసం పీల్చే పురుగు పడితే మందు కొట్టల్ల గదా. పూత ఉంటే ఈగలు చస్తాయి. అందుకే తుంచమంటాండేది.

చీనీతోట: ఏం మందు?

నల్లరేగడి: ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం. లీటరు నీళ్లకు అర మిల్లీ.

చీనీతోట: కషాయం తాగే ఆకు మీదా? అది మొక్క లోపలికి ఇంకే మందు. ఈరోజు కంకి తుంచినా రేపొచ్చే పూత తేనెలోకి దిగుతుంది. 2018లో యూరోపియన్ యూనియన్ ఆరుబయట పంటలకు దాన్ని నిషేధించింది ఈగల కోసమే. ఇంతసేపూ కత్తెర గురించి వాదించి, అసలు సంగతి ఇప్పుడా చెప్పేది?

నల్లరేగడి: గొంతు తగ్గించండి. పక్క మిరపచేను పురుగంతా నా కుండీల మీదికే వస్తాంది. ఆకంతా తెల్లచుక్కలు పడి ముడుచుకుంటే మీరొచ్చి తుడుస్తారా?

చీనీతోట: నా పక్క చేనాయన పూత మీద మందు కొడితే నా తేనెపెట్టెల ముందు ఈగలు కుప్పలుగా పడినాయి. అందుకే అడుగుతాండా.

పసుపుకొమ్ము: ఆకు తిప్పి చూడండి. అడుగున నల్లటి మెరిసే చుక్కలు, వల అల్లినట్టు రెక్కలున్న చిన్న పురుగు ఉంటే అదే. పట్టిన కొనలు కోసి కవర్లో కట్టి పారేయండి. పైపుతో ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొట్టండి, రెండు మూడు రోజులకోసారి. తగ్గకుంటే లీటరుకు వేపనూనె 5 మి.లీ., గిన్నెలు తోమే లిక్విడ్ 1 మి.లీ. పొద్దుగూకి ఈగలు పోయినాకే కొట్టండి. పై నుంచి కొడితే దండగ, పురుగుండేది అడుగున.

మిద్దెతోట: నర్సరీలో కొన్న మొక్కకు ముందే ఏం కొట్టారో ఎట్ల తెలుస్తుంది?

పసుపుకొమ్ము: తెలీదు. కషాయానికైతే విత్తనం నుంచే పెంచండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కంపోస్టు. విత్తనం పైన చల్లి వేలితో అదమండి, మట్టి కప్పొద్దు. ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది.

నల్లరేగడి: సరే, నీళ్లు కొట్టి చూస్తా. కంకులు మాత్రం తుంచేదే.