జీ-పెన్ గీతకి మొన తేలట్లేదు, ఇంకు పాకుతోంది: తప్పు పాళీదా, కాగితానిదా?

కాటుకపాళీ:
పదహారు పేజీల మాంగా (జపాన్ తరహా బొమ్మల కథ) కాగితం మీదే వేస్తున్నాను. వాడుతున్నవి: జీ-పెన్ (ఇంకులో ముంచి గీసే ఉక్కు పాళీ), వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఏ4 జిరాక్స్ పేపరు. కొత్త పాళీ ముంచగానే ఇంకు పూసలా జారి చుక్క పడుతోంది. గీత అంచున నూగు వస్తోంది. ముఖం చుట్టూ కేంద్రం వైపు దూసుకొచ్చే గీతలున్నాయి కదా, షూచూసెన్, అవి ఒక్కటీ సూదిమొనలా ముగియట్లేదు. మారు-పెన్‌కి మారాలా?

నల్లచుక్క:
మారక్కర్లేదు. మారు-పెన్ ఇంకా సన్నం, కాగితాన్ని గీరే గుణం ఇంకా ఎక్కువ. ఈ కాగితం మీద అది మరీ అల్లరి చేస్తుంది. పైగా దాని తోక గొట్టంలా ఉంటుంది, పిడి కూడా వేరేది కావాలి.

తుప్పు పట్టకుండా కొత్త పాళీకి నూనె పూసి అమ్ముతారు. నూనె మీద ఇంకు నిలవదు కాబట్టి పూసకట్టి జారుతుంది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో రెండు వైపులా తుడవండి. అగ్గిపుల్ల మంట చూపించమని కొందరంటారు కానీ ఒక్క క్షణం ఎక్కువైనా ఉక్కు మెత్తబడి చీలిక విచ్చుకుపోతుంది. ముంచేటప్పుడు ఇంకు పాళీ మధ్యనున్న రంధ్రం దాటకూడదు. వెనకవైపు సీసా అంచుకి ఒకసారి రాసి తీయండి. వాటర్‌ప్రూఫ్ ఇంకు పాళీ మీదే ఎండి గడ్డకడుతుంది కాబట్టి నాలుగైదు నిమిషాలకోసారి తడిగుడ్డతో తుడవాల్సిందే.

నూగుకి మాత్రం కాగితమే కారణం. నొక్కినప్పుడు జీ-పెన్ మొనలు రెండూ విడిపోయి జిరాక్స్ పేపరు పైపూతని గీరేస్తాయి, నారలు లేస్తాయి, ఇంకు వాటి వెంట పాకుతుంది. రబ్బరుతో పదేపదే చెరిపిన చోట చూడండి, ఇంకా ఎక్కువ ఉంటుంది. పెన్సిల్ స్కెచ్ లేత నీలం పెన్సిల్‌తో వేస్తే చెరిపే పనే ఉండదు, బ్లాక్ అండ్ వైట్ స్కాన్‌లో ఆ నీలం మాయమవుతుంది. జపాన్‌లో మాంగా కాగితం మీద కొలత గీతలు లేత నీలంలో అచ్చువేసేదీ అందుకే.

అక్కడ పత్రికలకి పంపేవాళ్ళు వాడేది బీ4 కాగితం, 257×364 మి.మీ. మందాన్ని వెయ్యి పెద్ద షీట్ల బరువుతో 110 కిలోలు, 135 కిలోలు అని చెబుతారు. మన లెక్కలో సుమారు 128, 157 జీఎస్ఎం. మీకు నున్నటి బ్రిస్టల్ డ్రాయింగ్ అట్ట గానీ, 180 జీఎస్ఎం పైనున్న ఐవరీ షీట్ గానీ సరిపోతుంది. కొనేముందు ఒక షీటు మీద అడ్డంగా, నిలువుగా గట్టిగా నొక్కి పది గీతలు గీయండి. కూడలి దగ్గర నూగు రాకపోతే తీసుకోవచ్చు.

ఎడమచేతివాటం:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, మొన తేలకపోవడానికి కాగితం కారణం కాదంటాను. చెయ్యి ఆగిన తర్వాత పాళీ ఎత్తుతున్నారు. చెయ్యి కదులుతుండగానే ఒత్తిడి తగ్గుతూ రావాలి. గీత ముగిశాక కూడా చెయ్యి గాల్లో మరో రెండు సెంటీమీటర్లు అదే దారిలో పోవాలి.

కేంద్రంలో డ్రాయింగ్ పిన్ను గుచ్చి స్కేలుని దానికి ఆనించి తిప్పుతూ బయటి నుంచి లోపలికి గీయండి. స్కేలు బోర్లా వేస్తే వాలు అంచు కిందికొచ్చి కాగితానికి తగలదు. అంచు తగిలిందా, ఇంకు దాని కిందికి పీల్చుకుపోయి గీతంతా మరక. రెండు మూడు గీతలకోసారి అంచు తుడవండి. చెయ్యి అనువుగా పోయే దిశ ఒక్కటే ఉంటుంది, అందుకని కాగితాన్నే తిప్పుకోవాలి. గీతలన్నీ సమాన దూరంలో వేస్తే సైకిలు చక్రం ఊచల్లా కనిపిస్తాయి. నాలుగైదు దగ్గరగా, తర్వాత కాస్త ఖాళీ, మళ్ళీ గుత్తి. ముగింపులు కూడా ఒకే వృత్తం మీద ఆగకూడదు.

కాటుకపాళీ:
పాళీ తుడిచాక చుక్క పడటం ఆగింది, ధన్యవాదాలు. ఇంకో సందేహం. పేజీలు జపాన్ పుస్తకాల్లా కుడి నుంచి ఎడమకి వేస్తున్నాను. తెలుగు పాఠకులకి సరేనా? టోన్ షీట్లు (నీడ కోసం అంటించే చుక్కల షీట్లు) దొరకట్లేదు, స్కాన్ చేసి క్లిప్ స్టూడియో అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేద్దామనుకుంటున్నాను.

వత్తులబుట్ట:
ఎడమ నుంచి కుడికే వేయండి. జపనీస్ సంప్రదాయంగా నిలువుగా, కుడి నుంచి రాస్తారు. క్యోటోలో కోజాన్‌జీ గుడి సొత్తయిన చోజూ-గిగా, 12-13 శతాబ్దాల నాటి కప్పలు, కుందేళ్ళ బొమ్మల చుట్ట, అదీ కుడి నుంచే విప్పుకుంటూ చూడాలి. వాళ్ళ ప్యానెళ్ళు అటు నడవడం సహజం. మన మాటల బుడగలో అక్షరాలు కుడికి పోతుంటే, ప్యానెళ్ళు ఎడమకి పోతే కన్ను తడబడుతుంది.

అలాగని వేసేసిన పేజీని అద్దంలోలా తిప్పకండి. కిమోనో ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే తీరు. కత్తి కూడా ఎడమ నడుము నుంచి కుడికి మారిపోతుంది.

బుడగల దగ్గరే అందరూ దెబ్బతింటారు. మాంగాలో అవి సన్నగా, పొడుగ్గా ఉండేది నిలువు రాత కోసం. అందులో ‘వెళ్ళిపోవాలనుకుంటున్నాను’ ఎలా ఇరికిస్తారు? అడ్డంగా వెడల్పుగా వేయండి. పైన గుడులు, కింద వత్తులు ఢీకొనకుండా వరుసల మధ్య అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరం కావాలి. మాటలు ముందు రాసుకుని, తర్వాత బుడగ గీయండి.

నల్లచుక్క:
టోన్ సంగతి. అచ్చుకైతే 600 డీపీఐ, మోనోక్రోమ్, 60 లైన్ల టోన్ (అంగుళానికి 60 చుక్కల వరుసలు). నీడకి 10 నుంచి 30 శాతం చాలు. టోన్ వేశాక సైజు మార్చారంటే చుక్కలు అలలుగా తేలతాయి. ఒక టోన్ మీద వేరే లైన్ల టోన్ పరిచినా అంతే. ఫోన్‌లో చదివేవాళ్ళ కోసమైతే చుక్కలు వద్దు, టోన్ ఆపేసి మామూలు బూడిద రంగుగానే ఎక్స్‌పోర్ట్ చేయండి.